అన్న క్రికెట్ కార్డుల వెనకవైపు

మా అన్న క్రికెట్ కార్డులు అంటించింది నేనే. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఈ వేసవిలో వాటిని ఊడదీసింది కూడా నేనే. రెండుసార్లూ మంచి చేద్దామనే చేశాను.

అవి గొప్ప కార్డులేమీ కావు. బబుల్‌గమ్ పొట్లంలో ఒకటి చొప్పున వచ్చేవి. ముందువైపు ఆటగాడి బొమ్మ. వెనక ఉత్త బూడిదరంగు అట్ట, ఒక్క అక్షరం అచ్చు ఉండేది కాదు. అన్నకు ఆ ఖాళీ వైపే ముఖ్యం. మేము అప్పుడు యూనివర్సిటీ క్యాంపస్‌లో స్టాఫ్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. నాన్న పరీక్షల విభాగంలో గుమాస్తా. సాయంత్రం క్వార్టర్స్ వెనక ఖాళీ జాగాలో మ్యాచ్ అయిపోయాక అన్న ఇంటికొచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా, ఒక కార్డు బోర్లా తిప్పి ఆ రోజు స్కోరు రాసుకునేవాడు. ఎవరితో ఆడారు, ఎవరు గెలిచారు, తను ఎన్ని కొట్టాడు. ముప్పై ఆరు కార్డులు, ముప్పై ఆరు మ్యాచ్‌లు. రబ్బరు బ్యాండు వేసి చెప్పుల డబ్బాలో దాచేవాడు.

వాడు పదో తరగతి పరీక్షలకు వెళ్లిన ఒక ఉదయం నాకు వాడికేదైనా బహుమతి ఇవ్వాలనిపించింది. ఆల్బమ్ చేద్దామనుకున్నాను. కాగితానికి కొదవ లేదు. పరీక్షల విభాగంలో పనిచేసేవాళ్ల ఇళ్లన్నిటిలోనూ పాత జవాబు పుస్తకాలు ఉండేవి. నమూనా మారిపోయి పనికిరాకుండా పోయిన ఖాళీ పుస్తకాలు కట్టలకొద్దీ ఇంటికొచ్చేవి. మా రఫ్ నోట్సులు, అమ్మ కిరాణా చీటీలు, పాలవాడి లెక్క, అన్నీ వాటి మీదే. వాటిలో ఒకటి తీసుకున్నాను. జిగురు కూడా ఇంట్లోదే. మా పుస్తకాలకు అట్టలు వేయడానికి అమ్మ మైదాపిండి ఉడికించి గిన్నెలో పెట్టేది. వేలు ముంచి, ప్రతి కార్డు వెనకా అంచులదాకా దట్టంగా పూసి, పేజీకి ఆరు చొప్పున వరసగా అంటించాను. గట్టిగా పట్టుకోవాలని పుస్తకం మీద రుబ్బురోలు పొత్రం దొర్లించి పెట్టాను.

అన్న వచ్చి చూశాడు. పేజీలు తిప్పాడు. ఒక కార్డు మూల గోటితో లేపబోయి ఆగిపోయాడు.

"వెనక రాసుంది కదనే," అన్నాడు.

"ముందు బొమ్మలు కనపడతున్నాయి కదా."

వాడు నన్ను కొడతాడేమోనని గోడకు ఆనుకున్నాను. వాడు పుస్తకం మూసి, "సర్లే. ఇగ ఎవ్వడూ కొట్టెయ్యలేడు," అన్నాడు. దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను. చాలా ఏళ్లపాటు అలాగే అనుకున్నాను.

అన్న చనిపోయి రెండు వానాకాలాలు దాటాయి. జ్వరమే కదా అనుకున్నాం. మొదటి మూడు రోజులు అందరూ అదే అన్నారు. డెంగీ అని తేలేసరికి చేతిలో టైమ్ లేదు. వాడు పోయాక కొన్ని నెలలకు నా కొడుకు పుట్టాడు. అందుకే నేను ఇలా తయారయ్యానని మా ఆయన అంటాడు. పిల్లాడి మెడ మీద చెయ్యి పెట్టి చూడకుండా నేను ఏ గదిలోంచీ బయటికి వెళ్లలేను. థర్మామీటరు ఇంట్లో మూడు చోట్ల ఉంటుంది. ఈ కాగితాలు కూడా వాడు నిద్రపోయాక, ఒక చెవి అటే పెట్టి రాస్తున్నాను.

అన్నకు ఒక్కతే కూతురు, ఇప్పుడు పదకొండేళ్లు. వదినా అదీ లాలాపేట్‌లో ఉండేవాళ్లు. క్యాంపస్ గ్రౌండ్‌లో కోచింగ్ క్యాంపుకు పోతుంది, ఎడమచేత్తో ఆడుతుంది. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం క్యాంపు నుంచి నేరుగా తార్నాకలో మా ఇంటికి వచ్చింది. బ్యాట్ గోడకు ఆనించి, నీళ్లు కూడా తాగకుండా అడిగింది.

"అత్తా, నాన్న కార్డుల పుస్తకం నీ దగ్గరే ఉందంట కదా?"

"ఉంది. ఎందుకే?"

"ఎల్లో టీషర్ట్ వేసుకున్న లెఫ్ట్ హ్యాండర్ కార్డు ఉంటదంట. దాని వెనక సిక్స్టీ వన్ అని రాసి ఉందా లేదా చూడాలి."

"ఏం సిక్స్టీ వన్?"

"నాన్న కొట్టాడంట, సి టైప్ క్వార్టర్స్ వాళ్ల మీద. నాట్ అవుట్ అంట." అది చేతి గ్లవ్ వెల్క్రో తీసి మళ్లీ అంటించుకుంటూ ఉంది. "నేను అన్నీ కోతలే అన్నా. నాన్నేమో 'రాసి పెట్టిన, పోయి చూస్కో, మీ అత్త అంటించి చచ్చింది గానీ' అన్నడు. ప్రూఫ్ లేకుంటే కోతలరాయుడు అనే పిలుస్తా అన్నా."

"ఎప్పుడన్నావ్?"

"ఫీవర్ వచ్చే ముందు రోజు." మళ్లీ వెల్క్రో తీసింది. "తర్వాత క్రికెట్ గురించి మాట్లాడలే."

వదినకు గుంటూరులో వాళ్లమ్మగారింటి దగ్గర స్కూల్లో ఉద్యోగం వచ్చింది. మే ఆఖరి శనివారం ప్రయాణం. పిల్ల వెళ్లేలోపు ఆ కార్డు తీసిస్తానని మాటిచ్చాను. కార్డు మీది అచ్చు పోయినా ఫర్వాలేదు, వెనక రాసిన ఆ ఒక్క అంకె చిరగకుండా బయటికి రావాలి. నాకు అప్పగించిన పని అంతే.

ముందు ఫోన్‌లో వీడియోలు చూశాను. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేయమన్నారు, ఫ్రీజర్‌లో పెట్టమన్నారు. అవన్నీ జిగట పేజీల ఆల్బమ్‌లకు పనికొచ్చేవని తర్వాత తెలిసింది. డ్రయ్యర్ పెడితే కార్డు మూల పైకి వంకర తిరిగింది, జిగురు మాత్రం కదల్లేదు. బ్లేడు దూర్చితే అట్ట పొరగా లేచింది. బ్లేడు పక్కన పెట్టేశాను.

అమ్మ నా దగ్గరే ఉంటుంది, పిల్లాణ్ణి చూసుకుంటుంది. ఈ తతంగమంతా చూసి, "ఊరికే చేతులు కోసుకోవద్దు. మీ నాయనతో పాటు ఉండె కదా, లైబ్రరీలో బుక్కులు కుట్టేటాయన, వారాసిగూడలో ఉండాడు. ఆయప్పను అడుగు పో," అంది.

ఆయన యూనివర్సిటీ లైబ్రరీ బైండింగ్ విభాగంలో చేసి రిటైరయ్యాడు. ముందుగదిలో ఇప్పటికీ ఒక చెక్క ప్రెస్సు ఉంది. దాని మీద మనవరాలి స్కూలు బ్యాగు ఉంది. పుస్తకం చేతికివ్వగానే బొమ్మలు చూడలేదు, వాసన చూశాడు. జిగురు కనిపించే చోట తడివేలు ఆనించి రుద్దాడు.

"మైదా. ఎవరు ఉడకవెట్టిండ్రు?"

"మా అమ్మ."

"మంచిగ ఉడికింది. మైలుతుత్తం ఎయ్యలే, అయినా పురుగు వట్టలే. నీ నసీబు బాగున్నది. కానీ ఇంత పెట్టిందెవరు? దోసె పోసినట్టు పోసిండ్రు."

"నేనే అంకుల్. చిన్నప్పుడు."

ఆయన నవ్వాడు. తర్వాత నేర్పాడు. "చూడు బేటా, అందరూ చేసే తప్పు ఒకటే, కార్డును గుంజుతరు. కార్డు బాద్‌షా. కాగితం నౌకరు. నౌకర్ని పంపియ్యాలె, బాద్‌షాని లేపొద్దు. కార్డు చుట్టు కాగితం కత్తిరించు. పొడిబట్ట మీద బొమ్మ కిందికి పెట్టు. తడి పిండేసిన గుడ్డ కాగితం మీద వెయ్యి, పది నిమిషాలు. జిగురు నానుతది. అప్పుడు కాగితాన్ని వేలితోని మెల్లగ రుద్దు. పేలికలు పేలికలుగ వచ్చేస్తది. కార్డుకు నీళ్లు తగలవు."

నాకు ఎంత హాయిగా అనిపించిందో. లేవబోతుంటే ఆయన అడిగాడు.

"వెనక రాతగిట్ల ఉన్నదా?"

"ఉంది అంకుల్. అదే కావాలి."

"దేంతోని రాసిండు? ఇంకు పెన్నా, బాల్‌పెన్నా?"

"బాల్‌పెన్నే."

"పక్కా?"

"పక్కా."

"గట్లయితే ఫికర్ లేదు. ఇంకయితే మాత్రం తడి సూపెట్టొద్దు, చెప్తున్న."

ఆ క్షణంలో నా కళ్లముందు నీలం మూత బాల్‌పెన్ను కనపడింది. మూత చివర అన్న పళ్లగాట్లు కూడా కనపడ్డాయి. ఒట్టు వేయమంటే వేసేదాన్ని.

మధ్యాహ్నం రెండింటికి పిల్లాడు పడుకుంటాడు. గంటకు తక్కువ కాకుండా పడుకుంటాడు. మర్నాడు ఆ గంటలోనే కూర్చున్నాను. ముప్పై ఆరు కార్డుల్లో ఏదో ఒకదాని మీద ముందు చెయ్యి తిప్పుకోవాలని ఎవరికైనా తోస్తుంది. నాకు తోచలేదని కాదు. కానీ భయంగా ఉన్న పని ముందు చేసేసి ఊపిరి పీల్చుకోవడం నాకు అలవాటు. పిల్లాడి ఒళ్లు కొంచెం వెచ్చగా తగిలితే సాయంత్రందాకా చూద్దామని ఉండలేను, ఆటో ఎక్కేస్తాను. అందుకని పసుపు టీషర్టు ఎడమచేతివాణ్ణే మొదట కత్తిరించాను.

ఆయన చెప్పినట్టే చేశాను. చెప్పినట్టే జరిగింది. పది నిమిషాల తర్వాత కాగితం మెత్తబడింది. వేలితో రుద్దుతుంటే పిండి నలుసుల్లా చుట్టుకుని ఊడివచ్చింది. ఆ నలుసులన్నీ ఒక స్టీలు ప్లేట్లో వేశాను. కార్డు వెనకవైపు పూర్తిగా బయటికొచ్చింది. ఎక్కడా చిరగలేదు. బొమ్మకు ఒక్క చుక్క తగల్లేదు.

వెనక ఏమీ లేదు.

అంటే, నీలం ఉంది. బట్టలకు పెట్టే నీలిమందు నీళ్లు ఒలికి ఆరినట్టు ఒక మరక. అక్షరం లేదు, అంకె లేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అటూ ఇటూ వంచి చూశాను. ఇరవై ఏళ్లు దాటింది కదా, వెలిసిపోయి ఉంటుందనుకున్నాను. ఈ కార్డు మీద ఏదో అయి ఉంటుంది, మిగతావి బాగుంటాయేమోనని రెండోది చేశాను. అదీ అంతే. మూడోది చేస్తుండగా అమ్మ పిల్లాడి పాలసీసా కడగడానికి వంటింట్లోకి వెళ్తూ ప్లేట్లోకి తొంగిచూసింది.

"ఏమే అది, ఇంకు?"

ప్లేట్లో తడి కాగితం ముద్ద కట్టి ఉంది. ముద్ద నిండా నీలం. కార్డు మీద ఉన్నదానికంటే ముదురు నీలం.

"బాల్‌పెన్ను కదమ్మా వాడు రాసింది."

"బాల్‌పెన్నా? మీ నాయన పదో తరగతి అయ్యేదాకా వాని చేతికి బాల్‌పెన్ను ఇచ్చినాడా? చేతిరాత కుదరల్ల అని ఇంకుపెన్నే కదా. చొక్కా జోబులన్నీ ఉతికి ఉతికి నా చేతులు పడిపోయినాయి."

అమ్మ మామూలుగానే చెప్పింది. సీసా కడగడానికి వెళ్లిపోయింది. నేను ప్లేట్లో వేలు పెట్టి ఆ నలుసులను విడదీయబోయాను. అవి ఇంకా మెత్తగా ముద్దయ్యాయి.

అప్పుడర్థమైంది. నేను తొమ్మిదేళ్లప్పుడు దోసె పోసినట్టు పూసిన ఆ తడి జిగురుకి అన్న రాత ఆ రోజే కరిగింది. పొత్రం బరువుకు కార్డు మీదినుంచి జవాబు కాగితం మీదికి దిగింది. కుడి ఎడమైపోయి, కానీ దిగింది. ఇన్నేళ్లూ ఆ అరవై ఒకటిని దాచింది కాగితమే. నేను బాద్‌షాకి దెబ్బ తగలకుండా నౌకర్ని నలిపి ప్లేట్లో వేశాను.

బైండింగ్ ఆయనకు ఫోన్ చేశాను. చెప్పలేక చెప్పలేక చెప్పాను.

"బాల్‌పెన్ అంటివి గద బిడ్డా."

"గుర్తుందనుకున్నా అంకుల్."

"ఎన్ని తీసినవ్?"

"మూడు."

"ఆపు. ఇంక చెయ్యి వెట్టకు. నేనొస్త."

మర్నాడు ఆయనే బస్సెక్కి తార్నాక వచ్చాడు. గుడ్డసంచిలో పల్చటి కత్తి, సన్నటి దారం రీలు తెచ్చుకున్నాడు. ఈసారి చుక్క నీళ్లు లేవు. ఎండి బిరుసెక్కిన పాత జిగురుని కత్తిమొనతో అంచున పగలగొట్టి, దారం దూర్చి, రంపంలా అటూ ఇటూ ఆడించాడు. కార్డు వంగితే వంగనిచ్చాడు. అట్ట చీలితే చీలనిచ్చాడు. కాగితం కొంచెం లేస్తే మాత్రం ఊపిరి బిగబట్టి ఆగేవాడు. బ్యాట్ ఎత్తిపట్టుకున్న హీరోల మొహాల మీద మడతలు పడుతున్నాయి. మొదటిరోజు నేను ఎంత జాగ్రత్తగా కాపాడానో అవన్నీ ఇప్పుడు ఆయన వదిలేస్తున్నాడు. మూడు మధ్యాహ్నాలు పట్టింది. టీ తప్ప ఏమీ తీసుకోలేదు. పొయ్యేటప్పుడు, "నేను ఒక మూల లేపి రాత చూసి చెప్పాల్సింది. నీ మాట మీద చెప్పిన. నాదీ తప్పే," అన్నాడు. అది నన్ను ఓదార్చడానికి అన్నాడని తెలిసి ఇంకా కుంగిపోయాను.

ముప్పై మూడింటిలో ఇరవై దాకా చదవడానికి వీలుగా ఉన్నాయి. బీరువా అద్దం ముందు పేజీ పట్టుకుంటే అన్న రాత తిన్నగా కనపడింది. మా ఇంట్లో రెండేళ్లుగా ఎవరమూ వాడి కొత్త మాట ఒక్కటి వినలేదు. అద్దంలో ఒక్కొక్కటీ వినపడినట్టే ఉంది.

"బి టైప్ మీద గెలుపు. నేను 4."

"వాన. ఆట లేదు."

"ఓటమి. నేను 0. రనౌట్. తప్పు నాది కాదు."

"ఓటమి. నేను 0. తప్పు నాదే."

"చెల్లి బంతి మోరీలో పడేసింది. నేను 2."

అన్నిటికంటే పెద్ద స్కోరు ఇరవై మూడు. సి టైప్ వాళ్లతో ఆడినవి ఆరు మ్యాచ్‌లు ఉన్నాయి. వాటిలో నాలుగు ఓటములు.

శనివారం మధ్యాహ్నం రైలు. పొద్దున్నే వదిన, పిల్ల వచ్చారు. వదిన లోపల అమ్మ దగ్గర కూర్చుంది. నేను పిల్లను బీరువా గదిలోకి పిలిచి, తలుపు దగ్గరేసి, జరిగింది మొత్తం చెప్పాను. బాల్‌పెన్ను సంగతి కూడా చెప్పాను.

అది పేజీల్లో కత్తిరించిన ఖాళీలు లెక్కపెట్టింది. తర్వాత, "మూడే పోయినయా?" అంది.

"మూడే."

"అందులో అదొకటి."

"అవును."

"ముందే దాన్ని ఎందుకు తీసినవ్ అత్తా?"

అది పసుపు టీషర్టు కార్డు తీసుకుని, తిప్పి, ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టింది. ఒక కన్ను మూసి చూసింది. బొటనవేలితో ఆ నీలాన్ని తడిమింది. తర్వాత మిగతా పేజీలు ఒక్కొక్కటీ అద్దం ముందు పెట్టి చదవడం మొదలుపెట్టింది. రెండు సున్నాల దగ్గర ఫక్కున నవ్వింది.

"నాన్నకి బ్యాటింగే రాదు కదా!"

నేనూ నవ్వాను. అది నవ్వు ఆపేసింది.

"నువ్వు రోజూ వాళ్లతో పోయేదానివంట కదా. బాల్ తెచ్చిచ్చేదానివంట. నువ్వు చూసే ఉంటావు." అద్దంలోంచే నన్ను చూస్తూ అడిగింది. "నువ్వు చెప్పు అత్తా. కొట్టిండా, లేదా?"

నేను అక్కడే ఉండేదాన్ని. ఏ మ్యాచ్‌కీ పోకుండా ఉండలేదు. ఒక సాయంత్రం అన్నను ఎవరో భుజాల మీద ఎత్తుకుని తిప్పడం నాకు గుర్తుంది. దుమ్ము, అరుపులు, చొక్కా గుండీ తెగిపోయి అన్న పొట్ట కనపడడం, నేను పరుగెత్తుతుంటే చెప్పు ఊడిపోవడం. అది ఆ రోజే కావచ్చు. భుజాల మీదున్నది అన్నే కావచ్చు. "కొట్టాడు, నేను లెక్కపెట్టాను" అంటే చాలు. ఆ పిల్ల రైల్లో హాయిగా కూర్చుంటుంది. వాళ్ల నాన్నతో పెట్టుకున్న తగువు అక్కడితో తీరిపోతుంది.

కానీ పళ్లగాట్లున్న నీలం మూత కూడా నాకు ఇంతే స్పష్టంగా కనపడింది. దాని మీద కూడా పక్కా అన్నాను. చేజేతులా అంకెను చెరిపేసి, ఇప్పుడు నా నోటితో ఇంకో అంకె రాయాలా? ఆ అంకె నిజమో కాదో నాకే తెలియదు. రేపు పెద్దయ్యాక అది ఇంకెవరికో చెప్తుంది, మా అత్త చూసిందంట అని.

"గుర్తులేదే," అన్నాను.

అది తల ఊపింది. "ఓకే," అంది. ఏడుస్తుందేమోనని చెయ్యి చాపాను. ఏడవలేదు. పేజీలన్నీ వరసలో పెట్టుకుంది, కార్డులకు రబ్బరు బ్యాండు వేసుకుంది. లోపల వదిన "టైమ్ అయితోంది, రా" అని పిలిచింది. వీధి తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆగి, బ్యాండు తీసి, ఆ పసుపు కార్డు ఒక్కటీ బయటికి లాగి నా చేతిలో పెట్టింది.

"ఇది నువ్వు పెట్టుకో అత్తా."

"నీదే కదే అది."

"నా దగ్గరుంటే రోజూ చూస్తా," అంది. ఆటో ఎక్కేసింది.

కోపంతో ఇచ్చిందా, జాలితో ఇచ్చిందా, లేక చెప్పినమాట నిజమేనా, నాకు ఇప్పటికీ తెలియదు. వదినకు ఫోన్ చేసినప్పుడల్లా అడుగుదామనుకుంటాను. పిల్ల క్యాంపుకు పోయిందనో, స్నానం చేస్తోందనో అంటుంది. అడగడానికి ఏముంది కూడా.

కార్డుని మళ్లీ దేనికీ అంటించలేదు. పిల్లాడి టీకాల పుస్తకంలో విడిగా పెట్టాను. వాడి ఒళ్లు వెచ్చగా అనిపించినప్పుడల్లా ఆ పుస్తకం తీస్తాను కాబట్టి అది ఎక్కడికీ పోదు. ఇందాక కూడా తీశాను. జ్వరం లేదు. కార్డు తిప్పి లైటుకు ఎదురుగా పట్టి చూశాను. ఒక మూల ఆరు అంకె తోకలాంటిది ఉందనిపిస్తుంది. కాసేపు చూస్తే అది మరకే.